గరిటె భుజమా, దువ్వెన భుజమా

పూజ్యులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాసేది ఏమంటే, ఇక్కడ నేను క్షేమమే. మా ఆఫీసే క్షేమంగా లేదు.

న్యాయశాఖలో జడ్జీల ఎంపిక సెక్షన్లో నేను గుమాస్తానని మీకు తెలుసు కదా. హైకోర్టులో ఒక జడ్జి కుర్చీ ఖాళీ అయింది. దానికోసం కొందరు లాయర్ల పేర్లు మా దగ్గరికొచ్చాయి. నిన్న మంత్రిగారి పి.ఏ. నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, గుసగుస నాకు సరిగ్గా వినపడాలని ఫ్యాను కూడా ఆపించి అడిగాడు: "వీళ్ళలో మన గరిటె పార్టీ వాళ్ళెవరు? ఆ దువ్వెన పార్టీ వాళ్ళెవరు?"

"సార్, వాళ్ళ చదువులూ, వాదించిన కేసులూ అన్నీ ఫైల్లో ఉన్నాయి" అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూసి, "చదువు సంగతి నిన్నెవరడిగారయ్యా?" అన్నాడు.

బావగారూ, మీ టైలరు షాపు హైకోర్టు గేటుకి ఎదురుగానే ఉంది. నల్లగౌను వేసుకునే ప్రతివాడూ మీ టేపు కిందికి రావలసిందే. కొలతలిచ్చేటప్పుడు మనుషులు నోరు జారతారని మీరే అంటుంటారు. ఎవరు ఎటువైపో నాలుగు ముక్కలు రాసి పంపితే నా ప్రమోషను ఖాయం. లేకపోతే నన్ను రికార్డుల గదికి తోసేస్తారు. అక్కడికి వెళ్ళినవాళ్ళు దగ్గుతూ వెళ్ళిపోవడమే తప్ప తిరిగొచ్చింది లేదు.

కటింగుకి కాగితాలు కావాలన్నారుగా, మా సెక్షన్లో ఎవరికీ అక్కర్లేని పాతకాగితాల బస్తా ఒకటి పంపుతున్నాను.

ఇట్లు
మీ మాట జవదాటని బావమరిది

తా.క.: ఈ ఉత్తరం షాపులో గిరాకీలకి చదివి వినిపించకండి. కిందటిసారి నా మొలల బాధ గురించి రాసింది మీరు గట్టిగా చదివారు. అప్పటినుంచి మీ ఊరొస్తే ప్రతి ఇంట్లోనూ కుర్చీలో దిండు వేసి మరీ కూర్చోబెడుతున్నారు.

•

చిరంజీవి బావమరిదికి,

మీ అక్కతో ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా నవ్వగలుగుతున్న మీ బావ దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివిన అదురుకి చేతిలో కత్తెర జారి, ఒక పెద్దమనిషి ప్యాంటు కాస్తా నిక్కరయింది. ఒరేయ్, జడ్జికి కూడా పార్టీ ఉంటుందా? నేను బడి మెట్లు ఎక్కింది తక్కువ, దిగింది ఎక్కువ. అందుకని ఇన్నాళ్ళూ ఏమనుకున్నానంటే, లావుపాటి పుస్తకాలు చదివి చదివి ఎవడి కళ్ళద్దాలు మందమైతే వాణ్ణి జడ్జిని చేస్తారని. గరిటె వాళ్ళకి గరిటె జడ్జి, దువ్వెన వాళ్ళకి దువ్వెన జడ్జి అయితే ఇంక లాయర్లెందుకు, వాదనలెందుకు? గుమ్మంలో పార్టీ కార్డు చూపించి తీర్పు పట్టుకుపోతే సరిపోలా? వడ్డించేవాడు మనవాడైతే ఏ మూల కూర్చున్నా ఒకటే అన్నారుగానీ, ఆ గరిటె కోర్టుదాకా వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

సరే, అడిగావు కాబట్టి చెప్తున్నా. ఇది మా దర్జీలకు తప్ప బయటివాళ్ళకు తెలియని రహస్యం. మా తాత చచ్చేముందు మా నాన్న చెవిలో ఊదాడు. గరిటె పార్టీవాడికి కుడిభుజం దిగి ఉంటుంది. ఎందుకంటావా? గరిటె తిప్పేది ఆ చెయ్యేగా. దువ్వెన పార్టీవాడు ఎడమ పాపిడి తీస్తాడు, అద్దం ముందు తల ఎడమకి వంచీ వంచీ వాడికి ఎడమభుజం దిగుతుంది. రెండు భుజాలూ సమంగా ఉన్నవాడున్నాడే, వాడు మహా ప్రమాదం. వాడు ఎవడి మాటా వినడు.

ఇక అసలు సంగతి. మా షాపు మీద గదుల్లో ఉండే లాయరమ్మ పేరు కూడా మీ దగ్గరికొచ్చిందట కదా. మా వరస షాపులన్నీ కూలగొట్టి అక్కడ పార్టీ ఆఫీసు కట్టుకుంటామని గరిటె వాళ్ళు బయల్దేరినప్పుడు, కాణీ తీసుకోకుండా హైకోర్టులో స్టే తెచ్చింది ఆవిడే. కేసింకా నడుస్తోంది. ఆవిడ మాట్లాడుతుంటే అవతలి లాయరు తన కాగితాల్లో తానే దాక్కుంటాడు. ఆ కుర్చీలో కూర్చోవలసిన మనిషి ఆవిడే. కాకపోతే నా కత్తెర నేనే మింగుతా.

ఇట్లు
నీ మంచికోరే బావ

తా.క.: నీ బస్తాలో అట్టకట్టిన లావు పుస్తకం ఒకటి వచ్చింది. పోయిన వానాకాలం నా కటింగు బల్ల కాలొకటి చెదలు తినేసింది. అప్పటినుంచి బల్లమీద దారపు రీలు పెడితే దానంతటదే దొర్లుకుంటూ ఇంటికెళ్ళిపోతోంది. నీ పుస్తకం ఆ కాలికింద పెట్టా. అచ్చు సరిపోయింది.

ఇంకో తా.క.: ఆవిడ జడ్జి అయితే నా షాపుకి ఢోకా ఉండదు. ఇది పార్టీ కాదు, న్యాయం. తేడా గమనించు.

•

పూజ్యులైన బావగారికి,

ఆనందంలో గబగబా రాస్తున్నాను. అక్షరాలు ఎడమకి వాలితే నన్ను అనుమానించకండి.

మీ శాస్త్రం ఫైల్లో పెట్టాను. "అనుభవజ్ఞులైన నిపుణుల అభిప్రాయం" అని రాశాను, టైలరు అంటే బరువుండదని. పి.ఏ. గారు చదివి లేచి నిలబడ్డారు. మంత్రిగారు చదివి అద్దం ముందు నిలబడ్డారు. ఆయన కుడిభుజం దిగే ఉందట! దాంతో గురి కుదిరింది.

పెద్ద పెద్ద లాయర్ల భుజాలు పట్టుకుని కొలిస్తే మర్యాదగా ఉండదని, గౌన్లు కొలవమన్నారు. మధ్యాహ్నం లాయర్లు గౌన్లు కొక్కేలకు తగిలించి భోజనానికి వెళ్ళే గది ఉందిగా, మా అటెండరు టేపుతో అందులోకి దూరాడు. వచ్చి లెక్క చెప్పాడు. దాదాపు ప్రతి గౌనూ ఎడమకే దిగి ఉంది! మంత్రిగారు "కోర్టంతా దువ్వెనేనయ్యా!" అని కుర్చీలో కూలబడ్డారు. నీళ్ళు తాగించి, కాసేపు విసరాల్సి వచ్చింది.

కుడికి దిగిన గౌను ఒకే ఒక్కటి. అది మంత్రిగారి సొంత బావమరిదిది. ఆయన కుడిజేబులో ఎప్పుడూ ఒక సీసా ఉంటుందట, ఆ బరువుకి దిగిందని అటెండరు నాకు విడిగా చెప్పాడు. పైకి ఎందుకులే అని నేను రాయలేదు. ఆయన్నే ఖాయం చేసేలా ఉన్నారు.

మీ లాయరమ్మగారి గౌను అందరికన్నా ఎక్కువ ఎడమకి దిగి ఉందండీ. ఆవిడ పేరు మొట్టమొదట కొట్టేసి, పక్కన ఎర్రసిరాతో "కరుడుగట్టిన దువ్వెన" అని రాశారు. శాస్త్రం శాస్త్రమే కదా, మనం ఏం చేస్తాం.

ఇట్లు
మీ శిష్యుడైన బావమరిది

తా.క.: సెక్షన్లో నాకు కొత్త కుర్చీ ఇచ్చారు. దిండుతో సహా. మీరు ఇక్కడ కూడా ఎవరికైనా ఉత్తరం చదివారా?

•

చిరంజీవి అని రాయడానికి చెయ్యి రావట్లేదు. మీ అక్క పక్కనే నిలబడి చూస్తోంది కాబట్టి రాస్తున్నా.

చిరంజీవి మొద్దుకి,

ఒరేయ్, నేను ఎగతాళి చేశానురా! గరిటె తిప్పితే భుజం దిగుతుందంటే నమ్మడానికి మీ మంత్రి పాలు తాగే పిల్లాడా? మీ అక్క పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి గరిటె తిప్పుతూనే ఉంది. దాని భుజం ఏమన్నా దిగిందా? నామీదికి లేచినప్పుడు రెండూ సమంగానే లేస్తాయి.

మనిషి తీర్పు చెప్పేది నోటితో. అది ఆలోచించేది తలతో. మీరు తలా చూడలేదు, నోరూ వినలేదు, కొక్కేనికి వేలాడే గుడ్డని కొలిచారు. అందులో మనిషి కూడా లేడు కదరా! ఇంత పెద్ద ఆఫీసులో, ఇంతమంది చదువుకున్నవాళ్ళలో, "ఇదేం పనయ్యా" అన్న మగాడు ఒక్కడు లేడా? ఆడది కూడా లేదా?

పొద్దున లాయరమ్మ షాపుకి వచ్చింది. కుర్చీ సంగతి ఇంకా తెలియదు పాపం. ఊడిన గుండీ కుట్టించుకుంటూ బల్లకింద పుస్తకం చూసి, కూర్చున్నది కూర్చున్నట్టే వంగిపోయింది. "ఏమయ్యా దర్జీ, ఇది నీకెక్కడిది? హైకోర్టు జడ్జీలని ఎలా ఎంపిక చెయ్యాలో నియమాలు రాసిన పుస్తకమిది! కోర్టు లైబ్రరీలో అడిగితే లేదన్నారు" అంది. బల్లకాలు ఎత్తమని, దుమ్ము దులిపి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పైకి పట్టుకుపోయింది. నా బల్ల మళ్ళీ ఒరిగింది. నీ ఆఫీసూ అంతే ఒరిగింది.

ఆవిడ మొహం చూడలేక గుండీ తప్పు చోట కుట్టాను. నా నోటిదూల ఆవిడ కుర్చీ మింగేసింది. మర్యాదగా వెళ్ళి అది ఎగతాళి అని చెప్పు, ఆవిడ పేరు మళ్ళీ పెట్టించు.

ఇట్లు
కత్తెర చేత పట్టుకుని రాస్తున్న బావ

తా.క.: మింగుతానన్న కత్తెర ఇదే. ఇది మింగితే మీ అక్క వచ్చి నీ ఇంట్లో ఉంటుంది. ఆలోచించుకో.

•

పూజ్యులైన బావగారికి,

మీ తా.క. చదివి నిద్ర పట్టలేదు. కానీ నా కష్టం కూడా వినండి.

ఎగతాళి అని చెప్పే వీలు లేదు. నోటితో అంటే ఎగతాళి, ఫైల్లో పెడితే విధానం. దానిమీద ఇప్పటికి ఇద్దరు పెద్ద ఆఫీసర్లు సంతకం పెట్టారు. ఒకాయన "ఇలాంటిది విదేశాల్లో ఎప్పటినుంచో ఉంది" అని కూడా రాశారు. ఇప్పుడు నేను నోరెత్తితే తిన్నగా రికార్డుల గదికే.

ఆ పుస్తకం సంగతి నాకు నిజంగా తెలియదండీ. నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచి అది మా సెక్షను తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం ఉండేది. కొత్త తలుపుకి గొళ్ళెం పెట్టారు, అందుకని అక్కర్లేదని బస్తాలో వేశాను.

ఇంతకన్నా పెద్ద విశేషం. సంగతి దువ్వెన పార్టీకి పొక్కింది. మొన్న శాసనసభలో వాళ్ళంతా ఎడమకి ఒరిగి నడుస్తూ వచ్చారు. వాళ్ళ నాయకుడు, అదే ఆ పూర్తి బట్టతలాయన, బల్ల గుద్ది "ఎడమభుజాల మీద ఈ కక్షసాధింపేమిటి?" అని అరిచాడు. గరిటె వాళ్ళు కుడికి ఒరిగి తిరిగి అరిచారు. మధ్యలో నడిచే దారిలో ఇద్దరూ ఢీకొట్టుకున్నారు. చివరికి సభాపతి కల్పించుకుని రాజీ చేశారు. రెండు పార్టీల వాళ్ళనీ సగం సగం వేసి ఒక కమిటీ. అందరి ఎదుటా మళ్ళీ కొలవాలి. మొదట కొట్టేసిన పేర్లూ మళ్ళీ చూడాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే జడ్జి.

బావగారూ, గౌన్లు కొలవడమే తప్పని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. టేపు ఎవరి చేతిలో ఉండాలన్నదే గొడవంతా.

ఇట్లు
రెండువైపులా నలిగిపోతున్న బావమరిది

తా.క.: కమిటీకి కుర్చీలు వేసేదీ, గౌన్లు తెచ్చిపెట్టేదీ నేనే. అక్కయ్యని మాత్రం పంపకండి.

•

చిరంజీవి బావమరిదికి,

ఈసారి మనస్ఫూర్తిగానే రాశాను, చిరంజీవి అని.

నీ ఉత్తరం వచ్చేసరికి షాపు ముందు లాయర్ల వరస. పత్రికలో చదివారుగా! ఒకాయన కుడిభుజం దించమంటాడు. ఒకాయన ఎడమది దించమంటాడు. నున్నగా షేవు చేసుకున్న పెద్ద లాయరొకాయన చుట్టూ చూసి నా చెవి దగ్గరికొచ్చి, "రెండువైపులా లాగుడు తాడు పెట్టవయ్యా, ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి" అన్నాడు. ఈయన వాదిస్తుంటే నేను గోడపక్కన నిలబడి చెమ్మగిల్లిన కళ్ళతో విన్న రోజులున్నాయిరా. టేపు చేతిలో పట్టుకుని కొయ్యబొమ్మలా ఉండిపోయా.

అందరూ వెళ్ళాక లాయరమ్మ గౌను తెచ్చింది. ఆవిడకీ సంగతి తెలిసింది. "నా భుజం నిజంగానే దిగిందా దర్జీ? చిన్నప్పటినుంచీ ఎవరూ చెప్పలేదే. ఫైళ్ళ సంచి మోసి మోసి దిగిందేమో" అంది నవ్వుతూ. నవ్వు మాత్రం పెదాలు దాటలేదు. కొలిచా. రెండు భుజాలూ సమం! నీళ్ళు పోస్తే ఎటూ జారనంత సమం. గౌను చూస్తే ఎడమకి దిగి ఉంది. నాకు మతి పోయింది. అప్పుడే బల్లమీది దారపు రీలు దొర్లుకుంటూ వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది.

తెలిసిందా? ఆ ఒరిగిన బల్లమీద గుడ్డ మడతపెట్టి కత్తిరిస్తుంటే పై మడత కొంచెం కొంచెంగా జారిపోయేది. కాలు చెదలు తిన్నప్పటినుంచి నేను కుట్టిన ప్రతి గౌనూ ఎడమకి దిగినదే! మీరు ప్రమాదమని కొట్టేసింది దువ్వెన పార్టీని కాదురా, నా బల్లకాలిని.

ఆవిడకి ఇంకా చెప్పలేదు. "ఈ పాతగౌను నాకొదిలెయ్యండమ్మా, సరిచేస్తా" అని ఉంచుకున్నా. దాన్ని సరిచెయ్యకుండా అలాగే పంపుతున్నా. దాంతోపాటు షాపు ముందు నిలబడే కొయ్యబొమ్మని కూడా. దానికి తల లేదని కంగారుపడకు, కమిటీలో ఎవరూ గమనించరు.

జాగ్రత్తగా విను. బొమ్మకి గౌను తొడిగి బల్లమధ్యలో నిలబెట్టు. గరిటె వాళ్ళ కుర్చీలు బొమ్మ ఛాతీ వైపు వెయ్యి. దువ్వెన వాళ్ళ కుర్చీలు వీపు వైపు వెయ్యి. ఎవరినీ కుర్చీ మారనివ్వకు. ఎందుకని నన్నడక్కు.

ఇట్లు
నీ బావ

తా.క.: ఎందుకని అడిగితే నీ మొలల ఉత్తరం ఇంకా నా దగ్గర భద్రంగా ఉంది. ఈసారి కోర్టు గేటు దగ్గర నిలబడి చదువుతా.

•

పూజ్యులైన బావగారికి,

ఇది రాస్తున్నది నేనేనా అని నన్ను నేనే గిల్లి చూసుకుంటున్నాను.

కమిటీ కూర్చుంది. మొదట బల్లమీద పరిచిన గౌన్ల కొలతలు మొదలుపెట్టారు. ఒక్కొక్క గౌనుకీ ఒక్కొక్క యుద్ధం. మంత్రిగారి బావమరిది గౌను రెండు పార్టీలూ చెరోవైపు లాగితే చిరిగి, జేబులోంచి సీసా బయటపడి పగిలింది. గదంతా ఒకటే వాసన. ఆ వాసనకి మంత్రిగారే తలొంచుకుని ఆ పేరు పక్కన పెట్టించారు. సమంగా ఉన్న గౌను ఒకటొస్తే మాత్రం ఇద్దరూ ఒక్కటై, "వద్దు వద్దు, ఎవరి మనిషో తెలియకుండా ఎలా?" అన్నారు. పార్టీలు కలిసి పనిచెయ్యగా నేను చూసింది అదే మొదలు.

చివర్లో మీరు చెప్పినట్టే లాయరమ్మగారి గౌను తొడిగి బొమ్మను మధ్యలో నిలబెట్టాను. గరిటె వాళ్ళు కళ్ళు చికిలించి చూసి ఒకరినొకరు మోచేతుల్తో పొడుచుకున్నారు. అవతల దువ్వెన వాళ్ళు మీసాల చాటున నవ్వుకున్నారు. పి.ఏ. గారు నా చెవిలో "ఈవిడ మన మనిషే, మనం పొరపాటున కొట్టేశాం, అవతలివాళ్ళకి తెలియనివ్వకు" అన్నారు. నీళ్ళివ్వడానికి అటు వెళ్తే బట్టతల నాయకుడు తన పక్కాయనతో "మన మనిషే, నోరు మూసుకో" అంటున్నాడు!

ఇద్దరూ ఎదుటివాళ్ళకి ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టి, "పోనీ, ఒప్పుకుంటాం" అన్నారు. ఏకగ్రీవంగా సంతకాలు పెట్టారు. లాయరమ్మగారు జడ్జి అయిపోయారు! బావగారూ, ఒకే గౌను ఇద్దరికీ సొంతమెలా అయింది? మంత్రం వేశారా?

ఇట్లు
నోరు తెరిచింది మూయలేకపోతున్న బావమరిది

తా.క.: నా ప్రమోషను వచ్చింది. రికార్డుల గదికి సూపరింటెండెంటుగా.

•

చిరంజీవి సూపరింటెండెంటుకి,

దగ్గుమందు సీసా ఒకటి పార్సిలు పంపిస్తున్న మీ బావ దీవించి రాసేది.

మంత్రం లేదు, చింతకాయ లేదు. కొక్కేలకు గౌన్లు వీపు మనవైపుకి వేలాడతాయి. అందుకని మీ అటెండరుకి ఎడమ ఎడమగానే కనబడింది. అదే గౌనుని ఎదురుగా నిలబడి చూడు, దిగిన భుజం నీ కుడిచేతివైపుకి వస్తుంది. ముందు కూర్చున్న గరిటె వాళ్ళకి కుడి, వెనక కూర్చున్న దువ్వెన వాళ్ళకి ఎడమ. ఒక్కడు లేచి బల్లచుట్టూ తిరిగొచ్చినా నా గుట్టు రట్టయ్యేది. కానీ అవతలివాడు కూర్చున్న చోటునుంచి చూద్దామని ఏ పార్టీవాడైనా లేస్తాడా? ఆ ధైర్యంతోనే పంపా.

ఇక విను, నేను నవ్వుకుంటూ మెట్లెక్కి లాయరమ్మకి సంగతంతా చెప్పేశా. మెచ్చుకుంటుందనుకున్నా. ఆవిడ చేతిలో కలం ఆగిపోయింది. బోనులో ఉన్నవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఇన్నేళ్ళు వాదించానయ్యా. ఒక్కటంటే ఒక్క కేసన్నా చదివారా వాళ్ళు?"

"లేదమ్మా. గుడ్డ చూశారు."

కలానికి మూత పెట్టి పక్కన పడేసింది. తర్వాత, "వద్దనాలని ఉంది. అంటే ఆ సీసా అబ్బాయి కొత్త గౌను కుట్టించుకొచ్చి కూర్చుంటాడు" అని నిట్టూర్చి, "వెళ్తాను. వచ్చిన దారి వంకరే, కూర్చోవడం తిన్నగా కూర్చుంటాను" అంది.

నా గుండె ఉప్పొంగింది. "ఇంక మా షాపులకి భయం లేదమ్మా!" అన్నా.

"మీ కేసు నేను వినను" అంది.

"అదేమిటమ్మా!"

"నిన్నటిదాకా అందులో నేను మీ లాయర్ని. ఇవాళ జడ్జిగా నేనే ఎలా వింటాను? అది పక్కగది జడ్జిగారి ముందుకెళ్తుంది."

పక్కగది ఆయనెవరో తెలుసా? పోయినసారి గరిటె వాళ్ళు ఏరి కోరి కూర్చోబెట్టినాయన! ఒరేయ్, నాకు మెట్లు కనపడలేదు, గోడ పట్టుకుని దిగా. ఇంత గారడీ చేసి మన మనిషిని గరిటె దగ్గర కూర్చోబెడితే, వడ్డించేవేళకి మన కంచం పక్కకి జరిపేసింది. పైగా ఉన్న ఒక్క లాయరూ పోయింది. గరిటె వాళ్ళు తమ మనిషనుకున్నారు, దువ్వెన వాళ్ళు తమ మనిషనుకున్నారు, నేను నా మనిషనుకున్నా. ముగ్గురం మోసపోయాం. ఆవిడ ఎవరి మనిషీ కాదు.

సాయంత్రం ఆవిడే కిందికొచ్చి ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "మొత్తం చదివాను. భుజాల ఊసు ఎక్కడా లేదు. కొత్త గౌను కుట్టు, సమంగా" అంది. వంగి పుస్తకాన్ని బల్లకాలికింద పెట్టా. రీలు పెట్టి చూశా. కదల్లేదు. ఆ గౌను కత్తిరించినంతసేపూ నాకు కోపమే వచ్చింది. కానీ ఏం చెయ్యను, నా చేత్తో ఇంత బాగా ఏ గౌనూ రాలేదురా.

ఇట్లు
షాపు ఉంటుందో ఊడుతుందో తెలియని మీ బావ

తా.క.: ఆవిడ వాదించిన కాగితాలన్నీ నాకిచ్చి, "నిజాయితీగా చదివేవాడైతే ఇవి చాలు" అంది. ఆ పక్కగది ఆయన చదువుతాడో లేదో అని మీ అక్కా నేనూ అన్నం సయించక తిరుగుతున్నాం.

ఇంకో తా.క.: ఇవాళ ఆ పక్కగది జడ్జిగారి గౌనే చంక చిరిగి రిపేరుకొచ్చింది. నా దగ్గర కుట్టింది కాదు. ఉండబట్టలేక భుజాలు కొలిచి చూశా. ఎటు దిగిందో చెప్పను. చెప్తే నువ్వు ఫైల్లో పెడతావు.